సీలేరులో ఏముంది?

పోయిన నెల అరకు గురించి రాసిన కాలమ్‌కి వచ్చినన్ని మెసేజ్‌లు ఈ మధ్య దేనికీ రాలేదు. అందులో సగం తిట్లే. "బ్రో, నువ్వు రాశావని శనివారం బయల్దేరాం. బొర్రా గుహల దగ్గర క్యూ, కాఫీ మ్యూజియం దగ్గర క్యూ, చివరికి బొంగులో చికెన్ దగ్గర కూడా క్యూ. కొండలు చూద్దామని వెళ్తే ముందు కారు నంబర్ ప్లేటే కనపడింది" అని ఒకాయన. ఇంకో అమ్మాయి అయితే సూటిగా అడిగేసింది: "జనం లేని చోటు చెప్పండి. నీళ్లుండాలి. ట్రెక్కింగ్ వద్దు. మూడు రోజులు ఊరికే కూర్చోవాలి."

అలాంటి ఊరు ఒకటి ఉంది. చెప్పాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించా. సరే, చెప్తున్నా. సీలేరు.

అల్లూరి సీతారామరాజు జిల్లా, గూడెం కొత్తవీధి మండలం. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు, జీకే వీధి అంటే చాలు. ఊరిని ఆనుకునే పెద్ద జలాశయం. ఇవతలి ఒడ్డు మనది, అవతలి ఒడ్డు ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా. ఊరి పేరుతోనే పారే సీలేరు నదే రెండు రాష్ట్రాలకీ సరిహద్దు. మ్యాప్‌లో చూస్తే చిక్కటి ఆకుపచ్చ మధ్యలో వంకర్లు తిరిగిన నీలం మరక, దాని పక్కన ఒక చిన్న చుక్క. ఆ చుక్కే ఊరు.

మా ఇంట్లో మాత్రం సీలేరు అనేది ఊరి పేరు కాదు, శిక్ష పేరు. మా పెదనాన్న అక్కడి పవర్ హౌస్‌లో ఆపరేటర్‌గా ఇరవై రెండేళ్లు చేశారు. "సీలేరు వేశారంట" అని తెలిసిన రోజు మా నాయనమ్మ అన్నం ముట్టలేదట. దోమలు, జ్వరాలు, అడవి, దారి లేదు, డాక్టర్ లేడు. పెద్దమ్మ, పిల్లలు కాకినాడలోనే ఉండిపోయారు. ఆయన పండక్కి వచ్చేవారు, చింతపండు బుట్టా పసుపు కొమ్ములూ తెచ్చేవారు, మళ్లీ వెళ్లిపోయేవారు. చిన్నప్పుడు ఎవరైనా మాట వినకపోతే "నిన్ను సీలేరు పంపేస్తా" అని బెదిరించేవాళ్లు. అలా బెదిరిపోయిన వాళ్లలో నేనూ ఒకణ్ని.

మొన్న శీతాకాలంలో ఒక రిలీజ్ అయిపోయి నాలుగు రోజులు సెలవు దొరికింది. గోవా బ్యాచ్ గోవా వెళ్లింది. నేను పెదనాన్నకి ఫోన్ చేసి సీలేరు వెళ్తున్నానని చెప్పా. అవతల కాసేపు చప్పుడు లేదు. ఎక్కడ ఉండాలో, ఏం చూడాలో చెప్తారేమో అనుకున్నా. "గేజీ ఎంతుందో చూసి చెప్పరా" అన్నారు. అంతే.

గేజీ అంటే డ్యామ్ దగ్గర నీటిమట్టం చూపించే కొలబద్ద. రిటైరయి ఇన్నేళ్లయినా ఆయనకి ఆ ఊళ్లో తెలుసుకోవాల్సిన విషయం అదొక్కటే అన్నమాట.

హైదరాబాద్ నుంచి అయితే రాత్రి రైలెక్కి నర్సీపట్నం రోడ్ స్టేషన్‌లో దిగాలి. పేరు చూసి మోసపోకండి, ఊరు అక్కడ లేదు. రోడ్డు మాత్రమే ఉంది. అక్కడి నుంచి నర్సీపట్నం చేరుకుని, ఘాట్ ఎక్కితే లంబసింగి, చింతపల్లి, జీకే వీధి, ధారకొండ, ఆ తర్వాత సీలేరు. డిసెంబర్‌లో లంబసింగి దాకా రోడ్డు మీద కార్లే కార్లు. మంచు కోసం తెల్లారుజామున నాలుక్కి వచ్చి, సెల్ఫీ దిగి, తాజంగి రిజర్వాయర్ చూసి, మధ్యాహ్నానికి కిందికి దిగిపోతారు. చింతపల్లి దాటాక వెనక్కి తిరిగి చూశా. మా బస్సు వెనక ఒక్క కారు కూడా లేదు.

చింతపల్లి గురించి ఒక్క మాట. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు ఆయుధాల కోసం మొదట దాడి చేసింది ఇక్కడి పోలీస్ స్టేషన్ మీదే. ఆ కోపానికి ఒక పెద్ద కారణం రోడ్డు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి దారి వేసే పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. అడవి చట్టాలు వచ్చి పోడు కొట్టుకోనివ్వకపోవడం అప్పటికే ఉంది. మనం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నిద్రపోతూ ఎక్కే ఘాట్‌కి అంత కథ ఉంది. నేను మాత్రం నిద్రపోలేదు. నిజానికి మలుపులకి నిద్ర పట్టలేదు.

జీకే వీధి దాటాక ఆర్వీ నగర్ దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, చెట్లకి అల్లుకున్న మిరియం తీగలు. అరకు కాఫీ అని మనం ఇన్‌స్టాలో గొప్పలు పోయేదాంట్లో ఇటువైపు కొండల గింజలకీ వాటా ఉంది. ధారాలమ్మ గుడి దగ్గర డ్రైవర్ దండం పెట్టుకుని హారన్ ఒకసారి కొట్టాడు. అక్కడి నుంచి దిగుడు.

ఊళ్లో దిగి, బ్యాగ్ లాడ్జీలో పడేసి, గంటలో ఊరంతా తిరిగేశా. ఒక మెయిన్ రోడ్డు. కిరాణా కొట్లు, రెండు మూడు హోటళ్లు, సెల్ రీచార్జ్ షాపులు. ప్రాజెక్టు కాలనీలో పాతకాలం క్వార్టర్లు, పెద్ద పెద్ద చెట్లు, కొన్నింటికి తాళాలు. వెనక కొండ. ముందు నీళ్లు. వ్యూపాయింట్ లేదు, ఐ లవ్ సీలేరు అని లైట్లు పెట్టిన బోర్డు లేదు, పెడల్ బోట్లు లేవు. నిజం చెప్పాలంటే మొదటి సాయంత్రం నాకు తిక్క లేచింది. దీనికోసమా గోవా వదులుకున్నా? "ఏముందిరా అక్కడ?" అని గోవా బ్యాచ్ మెసేజ్ పెడితే, ఏం రాయాలో తెలీక నీళ్ల ఫొటో ఒకటి పంపా. అది కూడా అరగంట తిరిగి తిరిగి వెళ్లింది.

మర్నాడు పొద్దున్న ఆరింటికి ఒడ్డుకి వెళ్లా. నీళ్ల మీద పొగలా మంచు. లంబసింగి అంత చలి ఉండదు ఇక్కడ, ఊరు బాగా కిందికి ఉంటుంది. మంచులోంచి ఒక నాటు పడవ వచ్చింది. అందులో ఒక పెద్దాయన, ఇద్దరు ఆడవాళ్లు, ఒక మేక, రెండు గోనె సంచులు. ఒడిశా ఒడ్డు నుంచి ఇక్కడికి సరుకులకి వస్తున్నారు. వాళ్లకి ఇది లేక్ కాదు, వీధి. మన అపార్ట్‌మెంట్ నుంచి కిరాణా కొట్టుకి వెళ్లినట్టు వచ్చారు. మేక మాత్రం కొంచెం కంగారు పడింది.

ఆ ఒడ్డునే టీ కొట్టు పెట్టుకున్న అక్క దగ్గర నాకు నాలుగు రోజులూ మకాం అయిపోయింది. టీ, ఇడ్లీ, మధ్యాహ్నం చేపల పులుసు. అడిగితే చోడి అంబలి. (రాగిని ఇటువైపు చోడి అంటారు. అదే రాగి మాల్ట్ అని పేరు మార్చి మాధాపూర్‌లో ఎంతకి అమ్ముతారో మీకు తెలుసు.) మొదటి రోజు నన్ను చూసి "ఏ డిపార్ట్‌మెంటు బాబూ?" అని అడిగింది. ఊరికే వచ్చానంటే నమ్మలేదు. రెండో రోజు కూడా అదే అడిగింది. మూడో రోజు మా పెదనాన్న ఇక్కడ పనిచేశారని చెప్తే, "ఓ, ప్రాజెక్టోళ్ల పిల్లాడివా!" అని స్టూలు తుడిచి వేసింది. అప్పుడుగానీ నేను వచ్చినందుకు ఆవిడకి ఒక కారణం దొరకలేదు.

ఇప్పుడు అసలు సంగతి. సీలేరులో ఏముంది అంటే, మెట్లున్నాయి. ఇది నాకు పెదనాన్న ఫోన్‌లో చెప్పారు. నేను ఇంజినీరింగ్ నాలుగేళ్లు చదివినా ఎవరూ ఇంత బాగా చెప్పలేదు.

మీరు పాడేరు వైపు వెళ్లినప్పుడు మత్స్యగెడ్డలో కాళ్లు కడుక్కుని ఉంటారు. ఆ గెడ్డ పెదబయలు, ముంచంగిపుట్టు మీదుగా వెళ్లి మాచ్‌ఖండ్ నదిలో కలుస్తుంది. అక్కడ జోలాపుట్ జలాశయం. దాని పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 2,750 అడుగులు. అది మొదటి మెట్టు. దాని కింద డుడుమ డైవర్షన్ డ్యామ్, 2,590 అడుగులు. దాని పక్కనే పెద్ద జలపాతం. ఆ ఎత్తు నుంచి నీళ్లని గొట్టాల్లో కిందికి వదిలితే మాచ్‌ఖండ్ పవర్ హౌస్. 1955లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చి ప్రారంభించారు. అవే నీళ్లు కిందికి దిగి బలిమెల జలాశయంలో చేరతాయి, అక్కడ మట్టం 1,516 అడుగులు. నది పేరు కూడా మారిపోయి సీలేరు అవుతుంది. బలిమెల నీళ్లలో ఒడిశాకి సగం, మనకి సగం. మన సగం కిందికి వస్తే ఈ సీలేరు జలాశయం. అధికారికంగా గుంటవాడ డ్యామ్. 1,360 అడుగులు. ఇక్కడి నుంచి ఎగువ సీలేరు పవర్ హౌస్‌కి, ఆ తర్వాత డొంకరాయి జలాశయానికి, అక్కడ 1,037 అడుగులు. మళ్లీ డొంకరాయి పవర్ హౌస్, మళ్లీ మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు పవర్ హౌస్. అప్పుడు శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో కలిసి, ధవళేశ్వరం.

జోలాపుట్ నుంచి డొంకరాయి దాకా లెక్కేస్తే 1,713 అడుగులు దిగింది. దిగుతూ దిగుతూ, ఆపై డొంకరాయి కింద కూడా కలిపితే, నాలుగు చోట్ల మనకి కరెంటు ఇచ్చింది. మాచ్‌ఖండ్ 120 మెగావాట్లు (ఇది ఒడిశాతో పంచుకుంటాం), ఎగువ సీలేరు 240, డొంకరాయి 25, దిగువ సీలేరు 460. నీళ్లు మాత్రం ఒక్క చుక్క ఖర్చు కాలేదు. ఒక స్టేజ్ అవుట్‌పుట్ తర్వాతి స్టేజ్‌కి ఇన్‌పుట్. మనం పైప్‌లైన్ అని రోజూ స్టాండప్ మీటింగ్‌లో వాడే మాటకి అసలు అర్థం ఈ కొండల్లో ఉంది.

"ఇంకా ఉందిరా" అన్నారు పెదనాన్న. రబీలో గోదావరిలో నీళ్లు తగ్గిపోతే, డెల్టా దాళ్వా పంటకి సీలేరు నుంచే వదులుతారు. అంటే కాకినాడలో పెద్దమ్మ వండే దాళ్వా బియ్యంలో ఈ నీళ్లున్నాయి. ఇరవై రెండేళ్లు ఆయన అక్కడ, ఆవిడ ఇక్కడ. ఆయన గేటు తిప్పితే ఆవిడ ఇంట్లో అన్నం ఉడికింది. ఈ మాట ఆయన అనలేదు, నేనే అనుకున్నా. ఆయనతో అంటే "సినిమా డైలాగులు ఆపు" అంటారు.

ఇంకొక లెక్క కూడా వేశా, అలవాటు. ఎగువ సీలేరులో మిషన్లు నాలుగు, ఒక్కోటి 60 మెగావాట్లు. మొదటి రెండూ 1967, 68ల్లో వచ్చాయి, తర్వాతి రెండూ 1994, 95ల్లో. నాలుగూ ఫుల్లుగా తిరిగితే సుమారు లక్షా 60 వేల ఏసీలు నడుస్తాయి, ఒక్కోటి కిలోవాటున్నర తింటుందనుకుంటే. బొగ్గు ప్లాంట్‌ని చల్లారాక మళ్లీ రాజేయాలంటే గంటలు పడుతుంది. నీటి మిషన్ నిమిషాల్లో అందుకుంటుంది. అందుకే సాయంత్రం మనమంతా ఇళ్లకి చేరి లైట్లూ ఏసీలూ ఒక్కసారి వేసే టైముకి ఈ మిషన్ల అవసరం ఎక్కువ. మనం రాత్రి ఎనిమిదింటికి రిమోట్ నొక్కుతాం, ఎక్కడో కొండల్లో ఒక చెరువు మట్టం కొంచెం దిగుతుంది.

ఇలాంటి ఊళ్లని హిడెన్ జెమ్ అంటారు ట్రావెల్ వీడియోల్లో. వింటే చిరాకేస్తుంది. సీలేరు ఎక్కడా దాక్కోలేదు. 1967 నుంచి కరెంటు పంపుతూనే ఉంది. మనం అటు చూడలేదు.

చూడకపోవడానికి కారణం కూడా ఉందిలెండి. చాలా ఏళ్లు ఈ దారంటే భయం. 2008 జూన్ 29న పై మెట్టు బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ పోలీసులు వెళ్తున్న లాంచీ మీద మావోయిస్టులు కాల్పులు జరిపారు. 38 మంది చనిపోయారు. ఆ బలిమెల నీళ్లు నిండినప్పుడే 151 ఊళ్లు మిగతా ప్రపంచంతో తెగిపోయి, కటాఫ్ ఏరియా అని పేరు పడ్డాయి. పడవ తప్ప దారి లేదు. 910 మీటర్ల గురుప్రియ వంతెన కట్టి ప్రారంభించేసరికి 2018 జూలై వచ్చింది. డ్యామ్ వల్ల వెలుగు ఎటు వెళ్లిందో, దారి ఎవరికి పోయిందో ఈ రెండు ఊళ్ల మధ్య కూర్చుంటే ఎవరూ చెప్పక్కర్లేదు. నేనున్న రోజుల్లో ఒక రాత్రి సీలేరులోనే కరెంటు పోయింది. ఎక్కడో లైను మీద కొమ్మ పడిందట. పవర్ హౌస్ ఉన్న ఊళ్లో కొవ్వొత్తి వెలుగులో చేపల పులుసు తిన్నా. అక్క నవ్వుతూ, "మీ పెదనాన్నకి ఫోన్ చెయ్యి" అంది.

మూడో రోజు పొద్దున్న పడవెక్కాలనిపించింది. అవతలి ఒడ్డుకి వెళ్లి రావాలి, మధ్యలో ఒక రీల్ తీయాలి. పడవ అన్నతో బేరం కూడా కుదిరింది. సాయంత్రం నాలుగున్నరకి, వెలుగు బావుంటుందని నేనే అన్నా. అక్క విని టీ గ్లాసు అక్కడ పెట్టేసింది. "పొద్దుగూకే ఏళకి నీళ్ల మీదికి ఎందుకు బాబూ? ఈత వచ్చా? జాకెట్టుందా?" రెండూ లేవు.

అప్పుడు చెప్పింది. నేను ఆ వార్త అప్పట్లో ఫోన్‌లో చూసి పైకి తోసేసి ఉంటాను, గుర్తు లేదు. 2021 మే నెల, కోవిడ్ లాక్‌డౌన్. ఒడిశా వైపు కోందుగూడ ఊరి కూలీలు హైదరాబాద్‌లో పని ఆగిపోయి ఇళ్లకి బయల్దేరారు. సీలేరు దాకా వచ్చారు. రోడ్డు మీద వెళ్తే కోవిడ్ అని ఆపుతారని భయం. రాత్రిపూట రెండు నాటు పడవల్లో జలాశయం దాటబోయారు. రెండూ మునిగాయి. చిన్నపిల్లలతో సహా ఎనిమిది మంది గల్లంతయ్యారు. వందల కిలోమీటర్లు వచ్చి, తమ ఊరి ఒడ్డు కనపడేంత దగ్గరికి వచ్చి.

హైదరాబాద్ నుంచే. ఆ నెలలో నేను కూడా హైదరాబాద్ నుంచి ఇంటికి వచ్చేశా. కారులో, పాస్ తీసుకుని, ల్యాప్‌టాప్ పెట్టుకుని. వర్క్ ఫ్రమ్ హోమ్ కదా.

పడవ ఎక్కలేదు. పడవ అన్న కూడా ఏమీ అనుకోలేదు, బీడీ ముట్టించుకుని నా పక్కన కూర్చున్నాడు. ఆయనకి తెలుగు కొంచెం, ఆదివాసీ ఒడియా బాగా, వాళ్ల కువి బాష ఇంకా బాగా వచ్చు. మూడూ కలిపి నాకు చేపల పేర్లు చెప్పాడు. నాకు ఒక్కటీ గుర్తు లేదు కానీ ఆ గంట గుర్తుంది. మీరెళ్తే పడవ ఎక్కొద్దనడం లేదు. జాకెట్ ఉంటే, పొద్దున్న పూట, అవసరం మీద వెళ్లేవాళ్లకి అడ్డం పడకుండా ఎక్కండి. రీల్ కోసం పడవ మధ్యలో నిలబడే పని మాత్రం పెట్టుకోకండి.

మరి మూడు రోజులు ఏం చేయాలంటారా? పొద్దున్నే ఒడ్డు. తర్వాత డొంకరాయి వైపు రోడ్డు మీద నడక, ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. గంటకో బండి వస్తే ఎక్కువ. సంత రోజు తగిలితే అదృష్టం: కొండచీపుళ్లు, అడ్డాకులు, పసుపు, పిప్పళ్లు, రాజ్‌మా. రాజ్‌మా ఉత్తరాది పంట అనుకుంటాం గానీ చింతపల్లి, జీకే వీధి కొండల్లో బాగా పండుతుంది. బేరం ఆడకండి. చీపురుకి పది రూపాయలు తగ్గించి మీరు కొనే ఇల్లేమీ లేదు. మధ్యాహ్నం పుస్తకం. సాయంత్రం కాలనీలో షటిల్ ఆడేవాళ్లుంటారు, అడిగితే ఒక గేమ్ ఇస్తారు. నేను పదో క్లాసు కుర్రాడి చేతిలో 21–6 ఓడిపోయా. ఆ ఆరులో రెండు వాడే వదిలేశాడు.

క్యాష్ తీసుకెళ్లండి, సిగ్నల్ పోతే ఫోన్‌పే కూడా పోతుంది. లాడ్జీలు ఒకటీ అరా, అందులో బాత్రూమ్ గురించి ఆశలు పెట్టుకోవద్దు. ప్రాజెక్టు గెస్ట్‌హౌస్ కావాలంటే ముందే పర్మిషన్ ఉండాలి. దారిలో చెక్‌పోస్టుల్లో బ్యాగ్ తెరవమంటారు, గంజాయి రవాణా వల్ల. తెరవండి, వాదించకండి. "చిన్న ప్యాకెట్టే కదా" అనే ఫ్రెండ్ మీ గ్యాంగ్‌లో ఉంటే వాణ్ని ఇంటి దగ్గరే వదిలేయండి, జైలు చిన్నగా ఉండదు. వానాకాలం ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడతాయి, నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచిది. డ్యామ్, పవర్ హౌస్ దగ్గర ఫొటోలు తీయనివ్వరు. డ్రోన్ మాట ఎత్తకండి.

వెళ్లేదేదో త్వరగా వెళ్లమనడానికి ఇంకో కారణం ఉంది. ఏపీ జెన్‌కో ఇక్కడ 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు తలపెట్టింది. 150 మెగావాట్లవి తొమ్మిది మిషన్లు. పవర్ బ్యాంక్ అనుకోండి. పగలు సోలార్ కరెంటు ఎక్కువైనప్పుడు కింద డొంకరాయి నీళ్లని పైన గుంటవాడకి తోడి పోస్తారు. సాయంత్రం మనకి కావాల్సినప్పుడు మళ్లీ కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఇప్పుడున్న పవర్ హౌస్‌కి ఐదు రెట్ల కన్నా ఎక్కువ. ఇంజినీర్‌గా నాకు ముచ్చటేస్తుంది. సోలార్ పెరగాలంటే ఇలాంటివి కావాలి, అందులో అనుమానం లేదు. కానీ కొండ తొలిచే పని, లారీలు, కొత్త రోడ్లు, అడవిలో పోయే చెట్లు, ఒక్క రోజులోనే ఎక్కి దిగే నీళ్లు. పొద్దున్న మేకతో వచ్చే ఆ పడవ ఏ మట్టం దగ్గర ఆగాలి? టీ కొట్టు ఎక్కడికి జరగాలి? అక్కని అడిగా. "పనులొస్తాయంటున్నారు బాబూ, మంచిదే. మా పిల్లోడికి వస్తదా, కింద నుంచి తెచ్చుకుంటారా అనేదే తెలీదు" అంది. 1967లో పని వచ్చినప్పుడు కాకినాడ, రాజమండ్రి వైపు నుంచే చాలామంది వచ్చారు. మా పెదనాన్న ఆ తర్వాత వచ్చిన బ్యాచ్. నేను ఇంకేం మాట్లాడను?

చెప్పాలా వద్దా అని ఎందుకు తటపటాయించానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. లంబసింగికి ఏమైందో చూశాం. వంజంగిలో మేఘాల కోసం ఎక్కే జనం కింద వదిలేసి వచ్చే ప్లాస్టిక్ కూడా చూశాం. మీరు ఇద్దరో ముగ్గురో వెళ్లండి, ఇరవై మంది బైకుల మీద వద్దు. ఒక్క రాత్రి కాదు, మూడు రాత్రులు ఉండండి. మూడో రోజుకిగానీ ఆ ఊరు మిమ్మల్ని ఏ డిపార్ట్‌మెంటు అని అడగడం మానదు.

చివరి రోజు పొద్దున్న గేజీ సంగతి గుర్తొచ్చింది. డ్యామ్ దగ్గరికి వెళ్తే సెక్యూరిటీ ఆయన మర్యాదగానే వెనక్కి పంపేశారు. పెదనాన్న పేరు చెప్పి చూశా, పనిచేయలేదు. ఆయన టైములో ఉన్నవాళ్లెవరూ ఇప్పుడు లేరు. తిరిగొచ్చి టీ కొట్టులో కూర్చుని బుర్ర గోక్కుంటుంటే అక్క అడిగింది ఏమైందని. చెప్పా. ఆవిడ తల కూడా తిప్పకుండా ఒడ్డున ఒక నల్లబండ వైపు చేయి చూపించింది. "మొన్న ఆ రాయి నడుం దాకా ఉండేవి. ఇయాళ మోకాలు కనపడుతుంది. అడుగున్నర తగ్గింది."

బస్సు ఎక్కే ముందు సిగ్నల్ దొరికింది. ఫోన్ చేశా.

"పెదనాన్నా, గేజీ దగ్గరికి వెళ్లనివ్వలేదు. కానీ మొన్నటి మీద అడుగున్నర తగ్గిందంట."

"ఎవరు చెప్పారు?"

"టీ కొట్టు అక్క. ఒడ్డున రాయి చూసి."

"నల్లబండా? వేపచెట్టు కింద?"

"అదే."

"అయితే కరెక్టే" అన్నారు. "పైన బలిమెల నుంచి ఇంకా వదల్లేదన్నమాట. రెండ్రోజుల్లో వదులుతారు చూడు."

బస్సు కదిలింది. ఆయన ఇంకా ఏదో చెప్తూనే ఉన్నారు, ధారకొండ మలుపు దగ్గర కట్ అయిపోయింది.